పాత పికప్ కొనేటప్పుడు ఎవరి మాటకు ఎంత విలువ?

సరకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి తొమ్మిది లక్షలు పలికే కొత్త పికప్ మీద, తగ్గింపు పూర్తిగా కొనేవారికే దక్కితే, దాదాపు డెబ్బై వేలు తేడా వస్తుంది. అంతకు మూడు నెలల ముందే టాటా వారు ఏస్ ప్రో అనే చిన్న బండిని 3.99 లక్షల ప్రారంభ ధరకు విడుదల చేశారు. కొత్తదాని ధర దిగినప్పుడు పాతదాని ధర కూడా దిగాలి కదా. మా హోసూరు వైపు బ్రోకర్ల నోట వినే ధరల్లో మాత్రం అది అన్ని బండ్లకూ ఒకేలా కనబడటం లేదు. కొన్ని రకాలు దిగాయి, కొన్ని పట్టు వదలడం లేదు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "దానికి పేరుంది సార్, ఓనర్లను అడిగి చూడండి."

అడిగాం. గత కొన్ని నెలలుగా సంఘం పని మీద వచ్చేవారిలో బండి ఉన్నవారిని, బండి అమ్మేసినవారిని, జీతానికి బండి తోలేవారిని అడుగుతూ నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాం. గుమాస్తా ఉద్యోగంలో పడిన అలవాటు, కాగితం మీద పెట్టకపోతే విన్నట్టే ఉండదు. ఇలా అడగడానికి కారణం ఉంది. మన కుటుంబాల్లో కుర్రాళ్ళు ఎక్కువగా చేస్తున్న సొంత వ్యాపారం ఇదే. పూలు, కూరగాయలు, నీళ్ళ క్యాన్లు, ఇంటి సామాన్లు వేసుకుని బెంగళూరుకు పోయి వస్తారు. కొత్త బండికి ముందు కట్టాల్సిన డబ్బు చేతిలో ఉండదు కాబట్టి ఆరేడేళ్ళ పాత బండి చూస్తారు. దానికి ఇంట్లో ఆడవాళ్ళ బంగారం బ్యాంకుకు పోతుంది. పాత బండి మీద ఇచ్చే అప్పుకు వడ్డీ మామూలుగా కొత్తదాని కంటే ఎక్కువ. రెండో నెలలోనే గేర్ బాక్సు విప్పాల్సి వస్తే కిరాయి ఆగుతుంది, వాయిదా ఆగదు.

ఇంత పెద్ద నిర్ణయం తీసుకునే ముందు మనవాళ్ళు ఆధారపడేది ఓనర్ల మాట మీదే. "ఆ బండికి తిరుగు లేదు", "ఆ కంపెనీ జోలికి పోవద్దు". ఈ మాటలు అబద్ధాలని మేము అనడం లేదు. చెప్పినవాళ్ళలో చాలామంది ఉన్నది ఉన్నట్టే చెప్పారు. పత్రికల్లో వచ్చే ప్రకటనల కన్నా, షోరూము కుర్రాడి మాటల కన్నా ఇది మేలైన సాక్ష్యమే. అయితే సాక్షి దేన్ని చూశాడో తెలియకుండా సాక్ష్యానికి విలువ కట్టలేం.

మొదట చూడాల్సింది, ఆయన చెబుతున్న బండీ మీరు కొనబోయే బండీ ఒకటేనా అని. పేరు ఒకటే ఉంటుంది, లోపలి బండి మారిపోతుంది. టాటా ఏస్ 2005లో వచ్చింది. రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను, అంత చిన్న ఒళ్ళుతో అది మోసే బరువు చూసి తమిళంలో దానికి కుట్టి యానై అని పేరు పెట్టారు, ఉత్తరాదిన ఛోటా హాథీ. ఇవాళ అదే ఏస్ పేరుతో పెట్రోలు బండి ఉంది, సీఎన్‌జీ ఉంది, కరెంటు బండీ ఉంది. మారుతి సూపర్ క్యారీ 2016లో చిన్న డీజిల్ ఇంజనుతో మొదలైంది, ఇప్పుడు వచ్చేవి పెట్రోలు, సీఎన్‌జీ మాత్రమే. "సూపర్ క్యారీ బాగుంటుందా?" అని అడిగితే, ఏ సూపర్ క్యారీ అని ఎదురు ప్రశ్న వేయనివాడి జవాబు మనకు అక్కరకు రాదు.

అన్నిటికంటే పెద్ద గీత 2020 ఏప్రిల్ 1. ఆ రోజు నుంచి బీఎస్-6 బండ్లు తప్ప మరేవీ అమ్మకూడదని సుప్రీంకోర్టు ముందే చెప్పింది. బీఎస్-4లో 50 పాళ్ళున్న డీజిల్ గంధకం 10 పాళ్ళకు తగ్గింది, దాంతో పాటు పొగ శుభ్రం చేసే సరంజామా పెరిగింది. చాలా బీఎస్-6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. అది వేడెక్కితేనే లోపలి మసి కాలి శుభ్రపడుతుంది. రోజంతా ఊళ్ళో రెండేసి కిలోమీటర్లు తిరిగి ఆగే బండికి ఆ వేడి అందక మసి పేరుకుంటుంది. జాతీయ రహదారి మీద ఏకబిగిన నడిచే బండికి ఆ బాధ తక్కువ. పాత ఇంజనును చెట్టు కింద మేస్త్రీ స్పానరుతో విప్పి బిగించేవాడు. ఇప్పటిదానికి సెన్సార్లున్నాయి, స్కానరు పెట్టి చూడాలి. అందుకని 2012 బండితో పదేళ్ళు సుఖపడినాయన "ఖర్చే లేదు" అంటే, 2021 బండి కొనబోయేవారికి అందులో మిగిలేది ఆయన సంతోషం మాత్రమే.

పెట్రోలు బండ్లకూ ఇలాంటి గీత ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది దాదాపుగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. 2023 ఏప్రిల్ తర్వాత తయారైనవాటిని దాన్ని తట్టుకునేలా చేశారు. అంతకు ముందువాటికి మైలేజీ కొంత తగ్గుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. మూడేళ్ళ కిందట అమ్మేసినాయన చెప్పే మైలేజీ లెక్కను ఇప్పటి కిరాయి లెక్కలో వేసుకోకూడదు.

రెండోది బరువు, దారి. మేము రాసుకున్నవాటిలో బాగా కళ్ళు తెరిపించింది ఇదే. ఒకే రకం పికప్, దాదాపు ఒకే ఏడాదివి, ఇద్దరి దగ్గర ఉన్నాయి. ఒకాయన తళి వైపు నుంచి గులాబీలు వేసుకుని తెల్లారకముందే బెంగళూరు పోయి ఖాళీగా తిరిగొస్తారు. పూలకు బరువేముంది, పెట్టెలు ఎత్తుగా కనిపిస్తాయి గానీ. ఆయనకు క్లచ్ ప్లేటు ఒకసారి మార్చడం తప్ప వేరే ఖర్చు గుర్తు లేదు. రెండో ఆయన ఇళ్ళు కట్టేచోటికి ఇసుక, కంకర, టైల్స్ తోలుతారు. కాగితం మీద మోయాల్సిన దానికంటే ఎంత ఎక్కువ వేస్తారో ఆయనే నవ్వుతూ చెప్పారు, ఇక్కడ రాయడం బాగుండదు. ఆయన బండికి కమాన్ పట్టీలు విరిగాయి, వెనక ఇరుసు బేరింగులు పోయాయి, క్లచ్ ప్లేటు లెక్కే లేదు. ఇద్దరూ తమ బండి గురించి నిజమే చెప్పారు. ఒకరిది "బంగారం", మరొకరిది "తలనొప్పి". బండి మాత్రం ఒకటే.

ఈ మాట ఒక్క మా ప్రాంతానికే పరిమితం కాదు. రాయగడ, కొరాపుట్ వైపు ఘాట్లలో తిరిగే మనవాళ్ళకు బ్రేకులు, క్లచ్ తినేసినట్టు షోలాపూర్ చదును నేల మీద తిరిగే పద్మశాలి కుటుంబాల బండ్లకు తినవు. యానాంలో చేపల పెట్టెలు వేసే బండికి ఇంజను ఎంత బాగున్నా ఉప్పునీరు కారి తొట్టి అడుగు, ఛాసిస్ తుప్పు పడతాయి. చుట్టరికం ఉంది కదా అని ఒక చోటి అనుభవాన్ని ఇంకో చోటికి ఎత్తుకెళ్తే పని జరగదు. మీ సరకు, మీ దారి ఎవరివో వాళ్ళ మాటే మీకు లెక్క. అలాంటివారు ముగ్గురు దొరికినా చాలు, వేరే పని చేసే ముప్పై మంది కంటే నయం.

మూడోది, మనకు ఎదురుపడనివారి సంగతి. స్టాండులో నిలబడి అడిగితే జవాబిచ్చేది బండి ఇంకా నడుస్తున్నవారే. "రెండు లక్షల కిలోమీటర్లయింది, ఇంజను ముట్టలేదు" అనే మాట అక్కడే వినిపిస్తుంది. ఎనభై వేలకే ఇంజను పట్టేసి అమ్మేసుకున్నాయన ఆ స్టాండులో ఉండడు, ఏ వాచ్‌మన్ ఉద్యోగంలోనో ఉంటాడు. ఆయన్ని వెతుక్కుంటూ పోయి అడగాలి. మేస్త్రీ దగ్గర దీనికి తలకిందులు, అక్కడ కనబడేవన్నీ చెడిపోయిన బండ్లే. ఊళ్ళో ఒక రకం బండ్లు వంద, ఇంకో రకం పది ఉన్నాయనుకోండి. నెలలో మొదటి రకానివి ఐదు, రెండో రకానివి రెండు షెడ్డుకు వచ్చాయి. మేస్త్రీ "మొదటిదే ఎక్కువ వస్తుంది" అంటాడు, ఆయన కళ్ళకు అదే నిజం. వందకు ఐదా, పదికి రెండా అని చూస్తే ఏది ఎక్కువ చెడుతోందో చిన్నపిల్లాడు చెబుతాడు. మేస్త్రీని "ఏది ఎక్కువ వస్తుంది?" అని అడగడం మానేసి, "వచ్చినవాటికి ఏం పోయి వస్తోంది, సామాన్లు ఎన్నాళ్ళకు దొరుకుతున్నాయి?" అని అడిగితే ఆయన దగ్గరున్న అసలు జ్ఞానం బయటికొస్తుంది.

అభిమానం సంగతీ చెప్పాలి. అశోక్ లేలాండ్ దోస్త్ 2011లో వచ్చినప్పుడు మా హోసూరులోనే తయారైంది. ఆ ఫ్యాక్టరీలో పని చేసినవాళ్ళు, చేస్తున్నవాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు. ఆ బండి గురించి ఇక్కడ అడిగితే వచ్చే జవాబులో కొంత ఊరి మీది ప్రేమ కలిసి ఉంటుంది. అది తప్పు కాదు. ఎంత పాలు అన్నది మనం తీసేసుకోవాలి, అంతే.

"బండి ఎలా ఉంది?" అన్న ప్రశ్నకు "బాగుంది" అన్నదే జవాబు, మన మర్యాద అలాంటిది. మాకు పనికొచ్చిన ప్రశ్నలు వేరు. పోయిన ఏడాదిలో ఏమేమి మార్చారు, బిల్లు ఎంతయింది? ఎన్ని రోజులు షెడ్డులో నిలబడింది? సెల్ఫ్ వేస్తే చలికాలం తెల్లవారుజామున ఒక్కసారికే అందుకుంటుందా? ఇంకో బండి కొనాల్సొస్తే ఇదే కొంటారా? ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామంది కాసేపు ఆగారు. ఆ ఆగడం కూడా రాసుకున్నాం. జవాబు విన్నాక అరిగేవాటిని, విరిగేవాటిని విడదీయాలి. టైర్లు, బ్రేకు, క్లచ్ ప్లేటు, బ్యాటరీ అరగడం మామూలు, వాటిని చూసి బండిని తిట్టకూడదు. గేర్ బాక్సు, హెడ్ గ్యాస్కెట్, ఇంజెక్టర్లు, టర్బో ఒకే రకం బండిలో, వేర్వేరు పనులు చేసే ఓనర్లకు, దాదాపు ఒకే కిలోమీటర్ల దగ్గర పోతుంటే మాత్రం అది బండి జబ్బు. మా పుస్తకంలో అలాంటిది నాలుగోసారి కనబడ్డప్పుడే నమ్మాం. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. మా లెక్క చిన్నది, ఒక కంపెనీని తప్పుపట్టేంత బలం దానికి లేదు. కొనబోతున్నవారు సంఘానికి వస్తే పుస్తకం చూపిస్తాం.

జీతపు డ్రైవరును ఓనరు లేనప్పుడు అడగండి. ఓనరుకు బిల్లు తెలుసు, బండి తెలిసింది డ్రైవరుకే.

ఇక మన కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. మనం సరిహద్దుల మీద బతికేవాళ్ళం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో. బండి కొనాల్సి వచ్చేసరికి మనసు ఆంధ్ర వైపుకో తెలంగాణ వైపుకో పోతుంది. అక్కడ మేనమామ వరసవాడు ఉంటాడు, ఆయనకు తెలిసిన ఓనరు ఉంటాడు, "మనవాడే, మోసం చేయడు" అన్న ధైర్యం వస్తుంది. మోసం చేయకపోవచ్చు. కానీ చుట్టం దగ్గర కొన్న బండి గురించి చుట్టాన్ని గుచ్చి గుచ్చి అడగలేం, ఆయనా తన బండిలో లోపం తన నోటితో చెప్పలేడు. భాష ఒకటైనంత మాత్రాన గేర్ బాక్సు గట్టిదైపోదు. నిక్కచ్చిగా అడగగలిగిన పరాయివాడి దగ్గరే ఒక్కోసారి నిజం తొందరగా తెలుస్తుంది.

పైగా రాష్ట్రం దాటిన బండికి కాగితాల పని వేరు. అవతలి ఆర్టీవో నుంచి ఎన్.ఓ.సి. కావాలి, అది ఫారం 28. బండి మీద అప్పుంటే ఫైనాన్సు వారి సమ్మతి లేకుండా అది రాదు, అప్పు తీరాక ఫారం 35తో ఆ పేరు కొట్టేయించాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు వేయించుకోవాలి. పన్ను రాష్ట్రానికో తీరు. స్థూల బరువు 3,000 కిలోలు దాటని సరకు బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. పికప్‌లలో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి ఆర్.సి.లో ఆ అంకె చూడాల్సిందే. మాకు తెలిసిన ఒక కుటుంబం బంధువుల మాట మీద పూర్తి డబ్బు ఇచ్చి బండి తెచ్చుకుంది. పాత ఓనరు అప్పు తీరలేదని తర్వాత తెలిసింది. ఎన్.ఓ.సి. రాలేదు, ఇన్సూరెన్సు పేరు మారలేదు, బండి ఇంటి ముందు చెట్టు కింద నిలబడిపోయింది. ఇంజను మాత్రం నిజంగానే బాగుందట.

అమ్మేవారికీ ఇందులో ప్రమాదం ఉంది. ఆర్.సి.లో పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనరు పాతవారే, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారి మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు బ్రోకరు చేతిలో పెట్టి వచ్చేసే అలవాటు మనవాళ్ళలో ఇంకా ఉంది. డీలరుకు అప్పగిస్తే 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం ఫారం 29సి ద్వారా ఆర్టీవోకు తెలియజేయాలి. అది చేసే డీలరేనా అన్నది ముందే అడగాలి. ఇంకొకటి, పాత బండ్ల మీద 18 శాతం జీఎస్టీ అని 2025 మొదట్లో పెద్ద గోల జరిగింది. అది రిజిస్టరైన వ్యాపారి తనకు మిగిలే లాభం మీద కట్టేది. ఇంటివాళ్ళు వాడుకున్న బండిని మామూలుగా ఇంకొకరికి అమ్ముకుంటే లేదు. ఆ పేరు చెప్పి బ్రోకరు మొత్తం ధర మీద వసూలు చేయబోతే ఇవ్వక్కర్లేదు.

ఓనరు మాటకు కాగితం తోడుందా అని చూడటం మా పాత వృత్తి, కాబట్టి అది కాస్త వివరంగా చెబుతాం. మీటరు అంకెను నమ్మకండి, సర్వీసు బిల్లుల మీద రాసిన కిలోమీటర్లను తేదీల వరుసలో పెట్టి చూడండి. ఎక్కడైనా అంకె వెనక్కి నడిస్తే మాట అక్కడితో ఆపేయవచ్చు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, వారం, సంవత్సరం. "అరవై వేలే తిరిగింది, టైర్లు కంపెనీవే" అన్న బండికి టైర్లు నిరుటివైతే ఒక అబద్ధం దొరికినట్టే. పూర్తి ఇన్సూరెన్సు ఉన్న బండి పాలసీలో నో క్లెయిమ్ బోనస్ గడి చూడండి. ఐదేళ్ళుగా యాక్సిడెంటే లేదన్నాయనకు ఆ గడిలో సున్నా ఎందుకుందో అడగాలి. పరివాహన్ సైటులో నంబరు కొడితే ఎఫ్.సి. గడువు, అప్పు వివరం కనిపిస్తాయి. ఎన్నో ఓనరు అన్నది ఆర్.సి.లో ఉంటుంది. మొదటి ఓనరు తప్ప మిగిలినవారికి బండి బాల్యం తెలియదు.

నీట మునిగిన బండ్ల గురించి హెచ్చరిక. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. అలాంటివి కడిగి, రంగేసి, దూరపు ఊళ్ళలో అమ్మకానికి పెడతారు. చివరి ఓనరు అనుభవం ఎంత బాగున్నా దీన్ని పట్టివ్వదు, ఆయన కొన్నదే తర్వాత కాబట్టి. సీటు ఎత్తి పట్టాల మీద బురద మరక, బోల్టులకు తుప్పు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము చూడండి.

వయసు లెక్క కూడా మారుతోంది. రవాణా బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్.సి. చేయించాలి. పదేళ్ళు దాటిన బండ్లకు వయసును బట్టి ఆ పరీక్ష రుసుము పెంచుతూ కేంద్రం 2025 నవంబరులో నియమాలు సవరించింది. పన్నెండేళ్ళ బండి "ఇంకో పదేళ్ళు ఢోకా లేదు" అని ఓనరు చెప్పినా, ఆ పదేళ్ళ ఎఫ్.సి. ఖర్చు ఆయన చూసినది కాదు. మా అభిప్రాయం అడిగితే, కిరాయికి తిప్పుకుని వాయిదా కట్టాల్సిన కుటుంబం ఎనిమిదేళ్ళు దాటిన బండిని అప్పు చేసి కొనకపోవడమే మంచిది. చేతి డబ్బుతో, సొంత సరకుకు, ఊళ్ళో తిప్పుకోవడానికైతే పాతదైనా సరే.

మా నోటుబుక్కు ఒక్క హోసూరుకే పరిమితమైతే పెద్దగా ఉపయోగపడదు. బళ్ళారి, కోలారు, బరంపురం, జయపురం, చంద్రపూర్, సిరొంచ, నాందేడ్, యానాం వైపు సంఘాలవారు తమ దగ్గరా ఇలాంటిది ఒకటి పెడితే ఏటా ఒకసారి కలిపి చూసుకోవచ్చు. గడులు ఇవి: బండి రకం, తయారైన సంవత్సరం, ఏ ఇంధనం, ఏ సరకు, ఏ దారి, ఎన్నో ఓనరు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏం పోయింది, బిల్లు ఎంత, ఎన్ని రోజులు నిలబడింది, ఇప్పుడు బండి ఎక్కడుంది. ఓనరు పేరు, బండి నంబరు వద్దు. అమ్మేసినవారి వివరాలు, తుక్కుకు వేసినవారి వివరాలు ముందు పంపండి, మా దగ్గర తక్కువగా ఉన్నవి అవే.